గ్యాప్‌లో ఒక చుక్క నల్ల నూనె

హైదరాబాద్ కోఠిలో స్పీకర్లు బాగుచేసే ఒక చిన్న కొట్టులో కూర్చుని ఉన్నాను. పెళ్ళి బరాత్‌లో రాత్రంతా మోగి గొంతు పోగొట్టుకున్న హారన్ యూనిట్ ఒకటి బల్ల మీదికొచ్చింది. పని నేర్చుకుంటున్న కుర్రాడు వెనక మూత విప్పి, మాడిన డయాఫ్రం తీసి పక్కన పెట్టాడు. లోపల అయస్కాంతం మధ్య వలయంలా ఉండే సన్నటి సందులో నల్లటి జిడ్డు. పాతగుడ్డ పీలిక చేసి, సందంతా తిప్పి తిప్పి తళతళలాడేలా తుడిచాడు. “అన్నా, గ్యాప్‌ల ఎవరో గ్రీసు వోసిన్రు. మంచిగ తుడిచేసిన” అన్నాడు. మేస్త్రీ చేతిలో పని ఆపి చూశాడు. “గ్రీసు కాదుర అది. కంపెనీవోళ్ళే వోసిన్రు. గిట్ల బిగిస్తే నెలకే మల్ల కాల్తది.”

ఆ కుర్రాడు తుడిచేసింది ఫెర్రోఫ్లూయిడ్. అయస్కాంతానికి అంటుకునే నూనె. ఒక మిల్లీలీటరు కూడా ఉండదు. అంత కొంచెం నూనె యూనిట్ ఆయుష్షునూ గొంతునూ రెండింటినీ మారుస్తుంది. ఆయుష్షు పెంచుతుందని చాలామందికి తెలుసు. గొంతును ఏం చేస్తుందన్నది తెలిసినవాళ్ళు తక్కువ. అసలు కథ అక్కడే ఉంది.

ముందు యూనిట్ సంగతి. మన మైకుసెట్ల వాళ్ళు ‘యూనిట్’ అనే దాన్నే ఇంజనీర్లు కంప్రెషన్ డ్రైవర్ అంటారు. మామూలు స్పీకర్‌లో కాగితపు కోన్ ఎదురుగా ఉన్న గాలిని నేరుగా నెడుతుంది. గాలి మరీ తేలిక, కోన్ దానికంటే ఎంతో బరువు. అందుకే శ్రమలో ఎక్కువ భాగం వృథా. పంపిన కరెంటులో ఒకటి రెండు శాతమే శబ్దమవుతుంది, మిగిలిందంతా వేడి. కంప్రెషన్ డ్రైవర్‌లో పలుచటి లోహపు డోమ్ ఒకటి ఉంటుంది, డయాఫ్రం అంటే ఇదే. దాని అంచుకు అంటిన తీగచుట్ట, అంటే కాయిల్, అయస్కాంతపు సందులో వేలాడుతుంది. డోమ్ ముందు అర మిల్లీమీటరు దూరంలో ఫేజ్ ప్లగ్ అనే దిమ్మ ఉంటుంది. డోమ్ కదిలితే గాలి ఆ దిమ్మలోని సన్నటి చీలికల గుండానే బయటికి పోవాలి. చీలికల వైశాల్యం డోమ్ వైశాల్యంలో సుమారు పదో వంతు. ఇరుకుదారిలో నొక్కుకుపోయే గాలి డోమ్‌కు గట్టిగా ఎదురు నిలుస్తుంది, అంటే డోమ్‌కు తోయడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. ఆ గాలి హారన్‌లో మెల్లమెల్లగా విచ్చుకుంటూ బయటి గాలితో కలుస్తుంది. సన్నాయి చివర గిన్నెలా విచ్చుకునేదీ ఇందుకే. ఈ ఏర్పాటుతో కరెంటులో ఇరవై, ముప్ఫై శాతం దాకా శబ్దంగా మారుతుంది.

ఇది పాత విద్యే. 1926లో న్యూయార్క్‌లో ‘డాన్ జువాన్’ అనే సినిమాను వైటాఫోన్ పద్ధతిలో సంగీతంతో వినిపించినప్పుడు, హాలును నింపింది వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ 555 డ్రైవర్లు. బెల్ ల్యాబ్స్‌కు చెందిన వెంటె, థురాస్ వాటిని రూపొందించారు. అల్యూమినియం రేకు డయాఫ్రం, అంచు మీద నిలబెట్టి చుట్టిన అల్యూమినియం పట్టీ కాయిల్. వందేళ్ళు కావస్తున్నా ఆ అమరిక ఇప్పటికీ మారలేదు. అప్పటి ఆంప్లిఫైయర్లు ఇచ్చే శక్తి చాలా తక్కువ కాబట్టి ప్రతి వాట్‌నూ శబ్దంగా మార్చుకోవాలన్నది వాళ్ళ తాపత్రయం. ఇవాళ మనకు వాట్లకు కరువు లేదు. కరువల్లా కాయిల్ తట్టుకునే శక్తికే.

కాయిల్ ఎందుకు మాడుతుంది? ముప్ఫై శాతం శబ్దమైనా మిగతా డెబ్బై శాతం వేడే. ఆ వేడంతా తలవెంట్రుకలా సన్నగా చుట్టిన తీగలో పుడుతుంది. అది గాలిలో వేలాడుతూ ఉంటుంది. దాని రెండు వైపులా పావు మిల్లీమీటరు దూరంలోనే బండ ఇనుము ఉంది, వేడిని ఎంతైనా మింగగలదు. కానీ మధ్యలో ఉన్నది గాలి. వేడిని దాటించడంలో గాలి ఎంత బద్ధకమో ఉన్ని దుప్పటి కప్పుకున్న ఎవరికైనా తెలుసు.

మాడకముందే ఇంకో నష్టం మొదలవుతుంది. రాగి వేడెక్కేకొద్దీ కరెంటుకు అడ్డు పెరుగుతుంది, ప్రతి డిగ్రీకీ సుమారు 0.39 శాతం. 20 డిగ్రీల దగ్గర 6 ఓములున్న కాయిల్ 200 డిగ్రీల దగ్గర 10 ఓములకు చేరుతుంది. ఆంప్లిఫైయర్ ఇచ్చే వోల్టేజి అదే, పోయే కరెంటు తగ్గుతుంది, శబ్దం పడిపోతుంది. దీన్ని పవర్ కంప్రెషన్ అంటారు. అర్ధరాత్రి దాటాక పాట మొద్దుబారినట్టుంటుంది, ఆపరేటర్ ఇంకాస్త పెంచుతాడు, కాయిల్ ఇంకాస్త కాగుతుంది. యూనిట్లు ఎక్కువగా పోయేది ఈ చక్రంలోనే.

ఇక ఆ నూనె. దాని పుట్టుక స్పీకర్ల కోసం కాదు, రాకెట్ల కోసం. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఉన్న నాసా లూయిస్ పరిశోధన కేంద్రంలో స్టీవ్ పాపెల్ అనే ఇంజనీరు 1963లో ఒక చిక్కుముడి పట్టుకున్నాడు. అంతరిక్షంలో బరువు ఉండదు కాబట్టి ట్యాంకులోని ఇంధనం అడుగున నిలవదు, ఎటు పడితే అటు తేలుతుంది. మరి పంపు నోటికి దాన్ని చేర్చేదెలా? ఇంధనమే అయస్కాంతానికి లొంగేదైతే సరి, అనుకున్నాడు. మాగ్నెటైట్ అనే నల్లటి ఇనుప ఖనిజాన్ని నూనెలాంటి ద్రవంలో, ఒలియిక్ ఆమ్లంతో కలిపి, బాల్ మిల్లులో రోజుల తరబడి నూరాడు. రాకెట్లకు చివరికి వేరే దారులు దొరికాయి గానీ 1965లో అతనికి పేటెంట్ మాత్రం వచ్చింది. తర్వాత రోనాల్డ్ రోసెన్స్‌వైగ్ ఈ ద్రవాన్ని బాగుచేసి, దాని నడవడికకు గణితం కట్టాడు. 1968లో సహచరుడు రోనాల్డ్ మాస్కోవిట్జ్‌తో కలిసి ఫెర్రోఫ్లూయిడిక్స్ అనే కంపెనీ పెట్టాడు. తిరిగే ఇరుసుల చుట్టూ గాలి చొరబడకుండా కాసే సీలుగా మొదట పేరు తెచ్చుకున్న ఈ ద్రవం 1970లలో స్పీకర్లలోకి వచ్చింది.

ఇనుప రజను నూనెలో కలిపితే ఫెర్రోఫ్లూయిడ్ అయిపోదు. ఆ రజను గంటలో అడుగుకు చేరుతుంది, అయస్కాంతం దగ్గరికి తెస్తే నూనెను వదిలేసి ముద్దగా పోగవుతుంది. రహస్యమంతా రేణువు సైజులో ఉంది. ఒక్కో రేణువు సుమారు 10 నానోమీటర్లు, అంటే వెంట్రుక మందంలో ఎనిమిది వేలవ వంతు. అంత చిన్నదాన్ని చుట్టూ ఉన్న అణువులు వేడికి కదులుతూ అనుక్షణం తాడిస్తుంటాయి. ఆ తాకిడి ముందు భూమ్యాకర్షణ గానీ, రేణువుల పరస్పర ఆకర్షణ గానీ నిలవవు. పైగా ఒక్కో రేణువుకూ సబ్బులాంటి అణువుల పూత ఉంటుంది, అది పక్క రేణువును దగ్గరికి రానివ్వదు. అందుకే ఏళ్ళ తరబడి తేరుకోకుండా ఉంటుంది. అయస్కాంతం చూపిస్తే ద్రవమంతా కలిసి కదులుతుంది, తీసేస్తే మామూలు నూనే. ఇలాంటి ద్రవం పైన అయస్కాంతం పట్టుకుంటే ముళ్ళపందిలా ముళ్ళు లేస్తాయి. చూడముచ్చటైన ఆ ముళ్ళ దృశ్యమే వీడియోలలో తిరుగుతుంటుంది గానీ, స్పీకర్‌లో అదేమీ కనపడదు. సందులో పోసిన చుక్క బలమైన అయస్కాంత క్షేత్రానికి పట్టుబడి, కాయిల్‌కు రెండు వైపులా వలయంలా పరచుకుని అక్కడే నిలుస్తుంది. యూనిట్‌ను తలకిందులు చేసినా కారదు.

వేడి సంగతి లెక్కేసి చూద్దాం. బరాత్ పెట్టెల్లో ఎక్కువగా కనిపించే కాయిల్ వ్యాసం 44 మిల్లీమీటర్లు, అంటే చుట్టుకొలత 14 సెంటీమీటర్లు. సందులో మునిగే ఎత్తు 5 మిల్లీమీటర్లనీ, రెండు వైపులా ఖాళీ పావేసి మిల్లీమీటరనీ అనుకుందాం. కాయిల్ మీద 20 వాట్ల వేడి పుడుతోంది. మధ్యలో గాలి ఉంటే ఆ వేడి ఇనుముకు చేరడానికి కాయిల్ ఇనుము కంటే వంద డిగ్రీలకు పైగా కాగాలి. ఫెర్రోఫ్లూయిడ్ గాలి కంటే ఐదారు రెట్లు బాగా వేడిని దాటిస్తుంది కాబట్టి పాతిక డిగ్రీల తేడా సరిపోతుంది. ఇది మోటు లెక్కే. కాయిల్ కదలడం వల్ల, డయాఫ్రం కూడా కొంత వేడిని పట్టుకుపోవడం వల్ల అసలు అంకెలు కాస్త మారతాయి. కానీ వంద ఎక్కడ, పాతిక ఎక్కడ! ఈ లెక్క ప్రకారం సందు నిండడానికి కావలసిన ద్రవం మిల్లీలీటరులో మూడో వంతు.

అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ నూనె వేడిని మాయం చేయదు, చేతులు మారుస్తుంది. కాయిల్ దగ్గర్నుంచి ఇనుముకు అందిస్తుంది, అంతే. ఇనుము ఆ వేడిని బయటి గాలికి వదలాలి. కాయిల్ క్షణాల్లో కాగుతుంది, అయస్కాంతపు దిమ్మ కాగడానికి గంటలు పడుతుంది. డ్రమ్ము దెబ్బల్లా వచ్చిపోయే శక్తికి నూనె గొప్ప రక్షణ. మే నెలలో 44 డిగ్రీల ఎండలో, నల్లరంగు పెట్టెలో, గాలాడని చోట బిగించిన యూనిట్‌ను ఆరు గంటలు ఏకబిగిన వాయిస్తే మాత్రం దిమ్మే కాగి ఉంటుంది. అప్పుడు నూనె వేడిని చేర్చేది మరో వేడి ఇంటికే. ఫెర్రోఫ్లూయిడ్ ఉందని ధైర్యపడి వాల్యూం పెంచేవాళ్ళు ఈ సంగతి మరిచిపోతుంటారు.

ఇప్పుడు గొంతు సంగతి. చల్లదనం ఇచ్చే చుక్కే చిక్కగా ఉండి కాయిల్ కదలికకు అడ్డుపడుతుంది కూడా. ఆముదంలో గరిటె తిప్పినట్టు. చల్లదనం మాత్రం తీసుకుని ఆ అడ్డును వద్దనుకోవడానికి లేదు.

ట్వీటర్ అనే చిన్న డోమ్ స్పీకర్‌కు ఆ అడ్డు వరం. ప్రతి డయాఫ్రానికీ తనకు ఇష్టమైన ఒక పౌనఃపున్యం ఉంటుంది. ఊయలను దాని లయలోనే తోస్తే చిన్న తోపుకే ఎంత ఎత్తు లేస్తుందో, ఆ పౌనఃపున్యం దగ్గర డోమ్ కూడా అంత ఎగురుతుంది. దీన్నే అనునాదం అంటారు. ట్వీటర్ ముందు ఉన్నది తేలిక గాలి, అది ఊయలను ఆపలేదు. నూనె ఆపుతుంది. అనునాదం దగ్గర ఇంపీడెన్స్ (కరెంటుకు మొత్తం అడ్డు) గ్రాఫ్‌లో కొండలా లేచే శిఖరం నూనె పోయగానే గుట్టగా అణుగుతుంది. పై పౌనఃపున్యాలనూ కింది పౌనఃపున్యాలనూ వేరుచేసే క్రాసోవర్‌లోని కాయిళ్ళూ కెపాసిటర్లూ లోడ్ అంతటా ఒకేలా ఉంటుందన్న లెక్కతో కట్టినవి, శిఖరం ఉంటే అవి లెక్క తప్పుతాయి. శిఖరం అణిగితే చవక క్రాసోవర్ కూడా చెప్పినట్టు వింటుంది.

కంప్రెషన్ డ్రైవర్ సంగతి వేరు. ఇక్కడ ఊయల ముందు ఇప్పటికే ఒకడు చేయి అడ్డుపెట్టి నిలబడ్డాడు, వాడే హారన్. చీలికల్లో నొక్కుకుపోతున్న గాలి డోమ్‌ను గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఆ పట్టు వృథా కాదు, దాని మీద పెట్టిన శ్రమే శబ్దమై బయటికి పోతుంది. నూనె పెట్టే అడ్డు మీద చేసిన శ్రమ మాత్రం ఉత్త వేడి. అంటే అదే కాయిల్ ఇద్దరికి పనిచేయాలి, కూలి ఇచ్చేది ఒక్కడే. ట్వీటర్‌కు మేలు చేసింది కాబట్టి డ్రైవర్‌కూ చేస్తుందనుకోవడం ఇక్కడే దెబ్బతింటుంది.

ఎంత దెబ్బ? పైన చెప్పిన 44 మిల్లీమీటర్ల కాయిల్‌కే మరో లెక్క వేసుకున్నాను. డోమ్ సెకనుకు ఒక మీటరు వేగంతో కదిలితే హారన్ గాలి పెట్టే అడ్డు, పౌనఃపున్యాన్ని బట్టి, సుమారు 2 నుంచి 6 న్యూటన్లు. మాగ్నెట్, ఆంప్లిఫైయర్ కలిసి కరెంటు ద్వారా పెట్టే అడ్డు ఇంకో 10. స్పీకర్లకు వాడే ఫెర్రోఫ్లూయిడ్ల చిక్కదనం వంద సెంటీపాయిజ్‌ల దగ్గర్నుంచి వేల దాకా ఉంటుంది. వంటింటి లెక్కలో చెబితే వేరుశనగ నూనె 60, 70 దగ్గర, ఆముదం 700 దగ్గర. వంద సెంటీపాయిజ్‌ల పలుచటి ద్రవం పోస్తే అదనపు అడ్డు అర న్యూటన్ కాస్త మించుతుంది, శబ్దంలో తగ్గేది అర డెసిబెల్ లోపే, చెవికి అందదు. 500 సెంటీపాయిజ్‌ల ద్రవం పోస్తే అడ్డు దాదాపు 3 న్యూటన్లు, శబ్దం సుమారు ఒకటిన్నర డెసిబెల్ పడుతుంది. ఒకటిన్నర డెసిబెల్ అంటే ఆంప్లిఫైయర్ నుంచి నలభై శాతం అదనపు శక్తి కోరడం. కాయిల్‌ను కాపాడబోయి కాయిల్ మీదే ఆ బరువు వేసినట్టు! అందుకే డ్రైవర్లకు పలుచటి ద్రవాలే తగినవి.

మరి హారన్ అడ్డుపెట్టే చేయి ఎప్పుడూ ఉంటుందా? ఉండదు. ప్రతి హారన్‌కూ ఒక హద్దు ఉంది. దానికంటే కింది పౌనఃపున్యాలకు హారన్ లేనట్టే, గాలి పట్టు జారిపోతుంది. డ్రైవర్ల సొంత అనునాదం సాధారణంగా 500, 800 హెర్ట్జ్‌ల ప్రాంతంలో ఉంటుంది. చిన్న హారన్ల హద్దు అక్కడే, లేదా ఇంకా పైన. డోమ్‌కూ ఫేజ్ ప్లగ్‌కూ మధ్య అర మిల్లీమీటరే ఖాళీ అని మొదట చెప్పుకున్నాం కదా. పట్టు జారిన చోట ఊయల ఎగిరితే డోమ్ వెళ్ళి ప్లగ్‌కు కొట్టుకుంటుంది, టైటానియం రేకైనా పగులుతుంది. కోఠి కొట్టులో నేను చూసిన పాత డయాఫ్రాల్లో మాడినవి ఎన్నో, అంచున పగిలినవీ దాదాపు అన్ని. ఈ ఇరుకు ప్రాంతంలో మాత్రం ఫెర్రోఫ్లూయిడ్ పెట్టే అడ్డు డ్రైవర్‌కు నిజమైన రక్షణ. చవక క్రాసోవర్‌తో, చిన్న హారన్‌తో వచ్చే పెట్టెల్లో నూనె వాడటం నా దృష్టిలో సబబే. డిజిటల్ ప్రాసెసర్‌తో కింది పౌనఃపున్యాలను నిటారుగా కోసేసే పెద్ద పెట్టెల్లో ఆ రక్షణ అవసరం తక్కువ. అక్కడ 75, 100 మిల్లీమీటర్ల కాయిళ్ళుంటాయి, వేడిని పరచుకునే చోటు వాటికి ఎక్కువ. అలాంటి చాలా డ్రైవర్లలో గ్యాప్ పొడిగానే ఉంటుంది. పొడిగా ఉందని చూసి, మంచి చేద్దామని నూనె పోసేవాళ్ళున్నారు. పోయకూడదు. ఆ డ్రైవర్ గొంతు పొడి గ్యాప్‌తోనే లెక్కగట్టి తీర్చిదిద్దింది.

నూనె వల్ల ఇంకొక లాభం ఉంది, నాకు అన్నిటికంటే ముచ్చటగా తోచేది ఇదే. ఫెర్రోఫ్లూయిడ్‌లో మునిగిన రాగిలాంటి అయస్కాంతం కాని వస్తువును ద్రవం బలమైన క్షేత్రం నుంచి బయటికి తోస్తుంది. అయస్కాంతాన్ని ముంచితే అది పాత్ర గోడలకు తగలకుండా మధ్యలో తేలి నిలుస్తుంది. రోసెన్స్‌వైగ్ 1966లో ‘నేచర్’ పత్రికలో రాసింది ఈ తేలడం గురించే. సందులో ఉన్న కాయిల్‌కూ ఇదే జరుగుతుంది. అది ఒక గోడవైపు జరగబోతే అటువైపు ద్రవం దాన్ని వెనక్కి నెడుతుంది. కాయిల్ ఇనుముకు రాసుకుని వచ్చే గరగర తగ్గుతుంది. ద్రవం వల్ల అయస్కాంతం బలం పెరుగుతుందని కొందరు నమ్ముతారు. సందులోని క్షేత్రం పది, ఇరవై వేల గాస్‌లు, ద్రవం కలిపేది మహా అయితే కొన్ని వందలు. ఆ తేడా పట్టించుకోదగ్గది కాదు.

ఇక ముసలితనం. రేణువులను మోసే నూనె ఆవిరి కాకుండా తయారైనదే గానీ, ఏళ్ళ తరబడి వేడికి మెల్లగా చిక్కబడుతుంది, ఆఖరికి పేరుకున్న జీళ్ళపాకం అవుతుంది. అప్పుడు యూనిట్ కాలదు, పగలదు, మీటరు పెట్టి చూస్తే ఓములు సరిగానే చూపుతుంది. కానీ ఎడమ పెట్టెకూ కుడి పెట్టెకూ పొంతన కుదరదు, ఒకటి గొంతు నొక్కినట్టు పాడుతుంది. ఎందుకో తెలియక డయాఫ్రం మారుస్తారు. కొత్త డయాఫ్రం అదే జీళ్ళపాకంలో దిగబడుతుంది. నూనెకు ఉష్ణోగ్రత కూడా లెక్కే, చలికాలపు తెల్లవారుజామున చిక్కగా ఉండి, వాయించగా వాయించగా పలుచబడుతుంది. చౌకరకం జిగురుతో కట్టిన కాయిలైతే నూనె ఆ జిగురులోకి చొరబడి చుట్లు వదులుచేస్తుంది. కాగితపు చట్రం మీద చుట్టిన కాయిలైతే దీపం వత్తిలా నూనెను పైకి పీల్చుకుంటుంది. నూనె పోసే డ్రైవర్‌లో కాయిల్ కట్టడం నుంచే దానికి తగినట్టు ఉండాలి.

మేస్త్రీ ఆ రోజు యూనిట్‌ను మళ్ళీ తన ముందుకు లాక్కున్నాడు. కుర్రాడు తుడిచినా సందు అడుగున మరక మిగిలే ఉంది. అద్దుడు కాగితాన్ని సన్నటి పట్టీగా కోసి సందులోకి దించి, నల్లగా పీల్చుకోగానే తీసి, ఇంకోటి దించాడు. తెల్లగా బయటికొచ్చేదాకా అలా ఎనిమిదో తొమ్మిదో పట్టీలు. కొత్త ద్రవంలో పాతది కలిస్తే చిక్కదనం ఏమవుతుందో ఎవరూ చెప్పలేరని ఆ ఓపిక. తర్వాత జిగురు టేపును మడిచి సందులో తిప్పి, అంటిన ఇనుప రజను తీశాడు. ఆ రజను కాయిల్ ఎనామెల్‌ను గీకి చంపుతుంది. ఇంజెక్షన్ సిరంజితో వలయంలో మూడు చోట్ల చుక్కచుక్కగా కొత్త ద్రవం వదిలాడు. వదిలినచోట అది ఆగలేదు, చీమల బారులా సందు చుట్టూ దానంతటదే పరుగెత్తి కలుసుకుంది. కుర్రాడు ముఖం వంచి, రెప్ప వేయకుండా చూస్తున్నాడు. డయాఫ్రం దించి, స్క్రూలు ఎదురెదురు జతలుగా బిగించి, సన్నటి టోన్‌ను కిందినుంచి పైకి నడిపించారు. 700 హెర్ట్జ్‌ల దగ్గర చెవి పెట్టి విన్నాడు మేస్త్రీ. “ఇప్పుడు ఎగుర్తలేదు” అన్నాడు.